గుల్లలపేటకు వెళ్ళాల్సిన ఫోను

సముద్రం ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఎవరైనా సముద్రం దగ్గరికే వెళతారు. నేను మాత్రం విశాఖపట్నంలో రైలెక్కి, సికింద్రాబాదులో దిగి, రెండు బస్సులు మారి మొయినాబాద్ వెళ్ళాను. తిరిగొచ్చాక అందరూ అడిగారు, అక్కడ చూడడానికి ఏముంది అని. క్యారెట్ పొలాలున్నాయి, గులాబీ తోటలున్నాయి, ప్లాట్ల కోసం రాళ్ళు పాతిన మెట్ట చెలకలు ఎన్నో ఉన్నాయి. నేను వెళ్ళింది వాటి కోసం కాదు.

మాది శ్రీకాకుళం తీరంలో గుల్లలపేట. అందరిదీ చేపల వేటే. నేను చదువుకుని కంప్యూటర్ ఉద్యోగంలో పడ్డాను. ప్రభుత్వం పెట్టుకున్న ఏర్పాట్లు చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నాయా లేదా అని పరీక్షించి నివేదిక రాయడం మా ఆఫీసు పని. సముద్రంలో తేలే యంత్రాలు, పైన తిరిగే ఉపగ్రహాలు అలల సంగతి కనిపెడతాయి. శాస్త్రజ్ఞులు లెక్కగట్టి, రేపు సముద్రం ఎలా ఉంటుందో ఈ రోజే చెబుతారు. ఆ మాటను తీరంలోని పేటల్లో ఫోన్లకు చేరవేసే కాంట్రాక్టు మాత్రం మొయినాబాద్‌లోని ఒక చిన్న కంపెనీది. ఏళ్ళుగా నడుస్తున్న ఆ ఏర్పాటు ఈసారి తుఫాన్ల కాలానికి సిద్ధంగా ఉందో లేదో తేల్చాలి. ఆ పని నేను అడిగి మరీ వేయించుకున్నాను.

ఎందుకంటే, అంతకు ముందటి ఏడు మా అప్పలస్వామి బాబాయి సముద్రంలో పోయాడు. ఆ రోజు గాలి లేదు, మబ్బు లేదు. ఎక్కడో దూరాన పుట్టిన అలలు చెప్పాపెట్టకుండా వచ్చి, ఒడ్డు ఇంకా కనపడుతుండగానే పడవను తిరగేశాయి. అదే పడవలో ఉన్న మా తమ్ముడు ఈదుకుంటూ బయటపడ్డాడు. బాబాయి మూడో రోజున దొరికాడు. తరవాత ప్రభుత్వ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి కాగితం చూసి చదివాడు. ముందురోజు సాయంత్రమే గుల్లలపేటకు ఫోన్లు వెళ్ళాయట, సగం మందికి పైగా విని, విన్నట్టు గుర్తుగా ఫోనులో ఒకటో అంకె నొక్కారట. అంటే, చెప్పినా వినకుండా వెళ్ళాడని అర్థం. ఫోనే రాలేదని పేటంతా మొత్తుకుంది. కాగితం ముందు పేట మాట ఎవరు వింటారు? మా పిన్ని అప్పటినుంచి ఆ ఒక్క మాటనే తలచుకుని కుమిలిపోతోంది. మొండిగా పోయి చచ్చాడు అనే మాట.

మా పేట అబద్ధమాడిందా, కాగితం అబద్ధమాడిందా? నేను తేల్చుకోవాల్సింది అది. మా పై అధికారికి ఉన్న సంగతి చెప్పాను. “కోపం ఇంట్లో పెట్టి వెళ్ళమ్మా” అన్నారాయన. సగం పెట్టి వెళ్ళాను.

మొయినాబాద్

కంపెనీ ఆఫీసు సిమెంటు దుకాణం మీద మేడలో ఉంది. కింద టీ కొట్టులో నలుగురు చేరితే భూమి మాటే. ఎవరి ఎకరం ఎంతకు పోయింది, ఏ సాఫ్ట్‌వేర్ ఆయన కొన్నాడు, ఎక్కడ ఫామ్‌హౌస్ లేస్తోంది. మా పేటలో నలుగురు చేరితే ఏ వలలో ఏం పడిందని మాట్లాడుకుంటారు. టీ నాలుగు రూపాయలు. పాలు బాగా పోస్తారు, చక్కెర ఇంకా బాగా పోస్తారు.

మేడ మీద నన్ను కలిసింది నర్సింహ. ఈ ఫోన్ల ఏర్పాటు మొత్తం చూసేది అతనే. ముప్ఫై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. పక్కనే ఉన్న సురంగల్ వాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగం చేసిన మొదటివాడట. గోడకు పెద్ద తీరం పటం, దాని మీద ఒక్కో పేటకు ఒక్కో చిన్న దీపం. ఫోన్లు వెళ్ళి, సగం మంది విన్నట్టు నొక్కగానే ఆ దీపం పచ్చగా వెలుగుతుంది.

“సముద్రం చూశారా మీరు?” అన్నాను.

“ఒక్కసారి చూసిన మేడం. పెండ్లయినంక వైజాగ్ వచ్చినం. మస్తు ఎండ. అర్ధగంట ఉండి వచ్చేసినం.”

దాచుకోవడానికేం లేదన్నట్టు పని అంతా విప్పి చూపించాడు. కంపెనీకి ఉన్న ఫోను లైన్లు తక్కువ, పేటలు ఎక్కువ. అందుకని ఒక పేటలో సగం మంది విన్నట్టు తేలగానే అక్కడ ఆపేసి, లైన్లు ఇంకో పేటకు మళ్ళిస్తారు. ప్రతి పేటలోనూ తొందరగా ఎత్తి నొక్కే నంబర్లు జాబితాలో పైకి వస్తాయి. వాటికే ముందు చేస్తారు. వినడానికి తెలివైన పద్ధతే.

అన్నిటికన్నా ముందు పచ్చబడే పేట ఏదని అడిగాను.

“గుల్లలపేట మేడం. ఎప్పుడైనా గదే ఫస్టు. అయిదు నిమిషాలల్ల అయిపోతది.”

నాకు మా పేట తెలుసు. ఫోను దుకాణంలో ఛార్జింగులో ఉంటుంది, మనిషి వల దగ్గర ఉంటాడు. పెళ్ళి భోజనానికి పిలిచినా అయిదు నిమిషాల్లో ఎవరూ పలకరు. జాబితా తెరవమన్నాను. పేర్లు లేవు, వట్టి నంబర్లే. పైనుంచి మూడోది తీసుకుని నా ఫోనులోంచి కొట్టాను.

“ఎవలు? జల్ది చెప్పుండ్రి, క్యారెట్ కాంటా నడుస్తున్నది” అందొక గొంతు.

“గుల్లలపేటేనా అండీ?”

“ఏం పేట? చేవెళ్ల మార్కెట్ల ఉన్న నేను.”

నర్సింహ తల దించుకున్నాడు. నేను ఫోను పెట్టేసి అతని కేసి చూస్తూ కూర్చున్నాను. తనే చెప్పాడు. మొదట్లో, ఇంకా పేటల నంబర్లేవీ రాకముందు, యంత్రం పని చేస్తోందో లేదో చూడడానికి నిజమైన ఫోన్లు కావాల్సొచ్చాయి. పిలిస్తే పలికేవాళ్ళు ఎవరున్నారు? తన చుట్టాలు, ఊరివాళ్ళు, చేవెళ్లలో తెలిసినవాళ్ళు. అరవై నంబర్లు ఎక్కించాడు. తీరంలో ఏదో ఒక పేట పేరు పెడితే తప్ప యంత్రం నంబరు తీసుకోదు. జాబితాలో పైన కనపడిన పేరు పెట్టేశాడు. అది మాది.

“తరవాత తీసెయ్యలేదా?”

“తీసేద్దమనే అనుకున్న మేడం. గంతలోనే గుల్లలపేట పచ్చగ వస్తున్నదని పెద్దసార్లు మెచ్చుకున్నరు. ఇగ ఏమని చెప్పాలె?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మేడ మీద నేనన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ విన్నాక నర్సింహ, తిన్నారా మేడం అని అడిగాడు. తినలేదు.

చేవెళ్ల

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటోలో చేవెళ్ల వెళ్ళాను. అప్పుడే కడిగిన క్యారెట్ సంచుల మధ్య సందు చూపించి కూర్చోమన్నారు. దిగేసరికి చీర సగం తడిసి, మార్కెట్లో అందరూ ఎక్కడ వాన పడిందా అన్నట్టు చూశారు. చేపల రేవుకూ ఈ మార్కెట్టుకూ తేడా వాసనలోనే. అరుపులు, బేరాలు, కాటా దగ్గర కళ్ళెర్రజేయడం అన్నీ ఒకటే.

ఫోనులో మాట్లాడిన మనిషిని వెతికి పట్టుకున్నాను. మల్లేశ్ అనే రైతు, నలభై అయిదేళ్ళుంటాయి. సముద్రం ఫోను గురించి అడిగితే ముఖం విప్పారింది.

“వస్తది మేడం, ఎందుకు రాదు. మా నర్సింహది గద. ఎత్తి ఒకటి నొక్కకుంటె పోరని నౌకరి పోతదని చెప్పిండు. ఒక్కనాడు తప్పలే. పొలంల ఉంటె మా ఆమె నొక్కుతది.”

“అందులో ఏం చెబుతారో విన్నావా అన్నా?”

“మొత్తం ఎవలింటరు? నొక్కంగనే అయిపాయె.” నవ్వాడు. తరవాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు. “ఏమైంది మేడం? మేం నొక్కితె ఎవలకన్న నష్టమైందా?”

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ అడిగాడు కదా, చెప్పాను. ఇక్కడ అరవై మంది నొక్కేసరికి మా పేట లెక్క నిండిపోతుంది, లైన్లు వేరే చోటికి వెళ్ళిపోతాయి. మా వాళ్ళ దాకా ఫోను రానే రాదు. అలా రాని రోజున ఒక మనిషి పోయాడు.

మల్లేశ్ చేతిలోని క్యారెట్ల కట్టను సంచిలో పెట్టాడు. మళ్ళీ తీశాడు. “గీ ముచ్చట మాకెవలు చెప్పలే గద మేడం” అన్నాడు. “మంచి పనే చేస్తున్నమనుకున్నం.”

రాత్రంతా పెంచుకున్న కోపం అక్కడ నాకు పనికి రాకుండా పోయింది. ఒక ఊరి కుర్రాడికి ఉద్యోగం నిలవాలని అరవై మంది, చేతిలో పని ఆపి, తమకు అక్కరలేని ఫోను ఏళ్ళ తరబడి ఎత్తారు. వాళ్ళలో ఒక్కడు బద్ధకించినా ఆ చోటు మా పేట మనిషికి దక్కేది. మంచితనం ఇంత చేటు చేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. వెళుతుంటే మల్లేశ్ రెండు కిలోల క్యారెట్లు నా సంచిలో వేసేశాడు. డబ్బులిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం మార్కెట్ పక్కన మెస్సులో జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. పచ్చిపులుసు గిన్నెతో తెచ్చి పెట్టారు. మా ఇంట్లో పులుసంటే అందులో చేప ఉండాలి. ఉల్లిపాయ ముక్కలు తేలే ఆ చల్లటి పులుసును మొదట అనుమానంగా చూసి, తరవాత రెండుసార్లు అడిగి పోయించుకున్నాను. అంతా కలిపి ముప్ఫై రూపాయలు.

మళ్ళీ మొయినాబాద్

ఆ సాయంత్రం నర్సింహ చేతనే ఆ అరవై నంబర్లూ తీయించాను. మిగతా పేటల్లో ఎప్పుడు పరీక్ష పెట్టినా ముందురోజే పెద్దలకు కబురు పంపడం కంపెనీ అలవాటు. అందరూ ఫోను పట్టుకుని కూర్చుంటే పాసవడం ఎంతసేపు? ఈసారి ఎవరికీ చెప్పవద్దన్నాను. ఇది పరీక్ష మాత్రమే అని చెప్పే ఫోను గుల్లలపేటకు పంపించాం. ఇద్దరం పటం ముందు కూర్చున్నాం.

గంట గడిచింది. ఒకటి నొక్కినవాళ్ళు తొమ్మిది మంది. మా పేట దీపం ఎర్రగా ఉండిపోయింది.

తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను, నీకు రాలేదా అని. “వొచ్చిందే అక్కా. కొత్త నంబరు. సిమ్ము కంపెనీవోళ్ళనుకుని కట్టేసినాను” అన్నాడు. వాడిని తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. ఒక్కసారి కూడా మోగని ఫోను గొంతును వాడెలా గుర్తుపడతాడు?

“ఇన్నేండ్ల సంది పచ్చగనే చూసిన మేడం” అన్నాడు నర్సింహ, పటం వైపే చూస్తూ. అతని కళ్ళు తడిసి ఉన్నాయి. నాకు జాలి వేసింది, వేయకూడదని కూడా అనిపించింది. మిగిలిన పేటల జాబితాలు కూడా ఒక్కొక్కటీ తెరిపించి చూశాను. అక్కడ నంబర్లు నిజమైనవే. కానీ పాతవి, మారిపోయినవి, చనిపోయినవాళ్ళవి చాలా ఉన్నాయి. శాస్త్రజ్ఞుల లెక్కలో తప్పు లేదు. ఆ రోజు అలలు వాళ్ళు చెప్పిన వేళకే, చెప్పిన ఎత్తులోనే వచ్చాయి. ఇంత పెద్ద సముద్రాన్ని కనిపెట్టి, చివరికి ఆ మాటను పేటలో ఒక మనిషి చెవి దాకా తేలేకపోయారు. నివేదికలో ‘సిద్ధంగా లేదు’ అని రాశాను.

జాబితాలోని సురంగల్ వాళ్ళను కూడా కలవాలి కాబట్టి మర్నాడు అక్కడికి వస్తానన్నాను. లేచేముందు నర్సింహ ఒక్కటే అడిగాడు. “జాబితాల ఫస్టున్న నంబర్ మా అమ్మమ్మది మేడం. ఒక్కటంటె ఒక్క ఫోన్ తప్పలే ఆమె. రేపు మీరు సురంగల్ వస్తరు గద. ఆమెకు గీ ముచ్చట జర చెప్పకుండ్రి.”

సరే అన్నాను.

సురంగల్

నర్సింహ బండి మీద తీసుకెళ్ళాడు. వాళ్ళ అమ్మమ్మ సాయమ్మ అవ్వ ఇంటి ముందు చాప మీద కూర్చుని బంతిపూలు ఏరుతోంది. ఎండిన మనిషి, గొంతు మాత్రం గట్టిది. కొంగు ముడిలో చిన్న మీటల ఫోను. నేను సముద్రం పక్క ఊరిదాన్నని తెలియగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“నిజంగనే గంత పెద్దగుంటదా బిడ్డా? గండిపేట చెరువు తూములు తీసినప్పుడు ఉరుకుతయి సూడు నీళ్ళు, అట్లుంటదా?”

అంతకన్నా పెద్దదన్నాను. అవతలి ఒడ్డు కనపడదన్నాను.

“అవతలి గడ్డ కనవడకుంటె పడవెట్ల ఏస్తరు? గుండెలు గట్టియి మీయి.”

ఫోను రాగానే ఏం చేస్తావని అడిగాను. అందరిలా వెంటనే నొక్కేయదట, మొత్తం వింటుందట. “మనిషి మాట్లాడుతుంటె నడిమిట్ల పెట్టేస్తమా? అయిపోయిందాక విని, మంచిది బిడ్డా అని, అప్పుడు నొక్కుత.” నర్సింహ కిందికి చూస్తున్నాడు. అది మనిషి కాదని, ఒకసారి పట్టి పెట్టిన గొంతని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సర్వపిండి రొట్టె పెట్టింది. వేడిగా, నువ్వులు తగులుతూ, ఎంతో బాగుంది. తింటూనే, ఇక నీకు ఆ ఫోన్లు రావవ్వా, నంబరు తీసేశాం, అన్నాను. అంతవరకు చెప్పక తప్పదు. రాకపోతే కంగారు పడుతుందని.

అవ్వ కాసేపు పూలు ఏరుతూనే ఉంది. “మంచిదే తీ” అంది. “ఫోన్ వచ్చిన దినం మనసు నిమ్మలముండకపోయేది. ఇగ ఫోన్ రాలేదంటె సముద్రం మంచిగనే ఉన్నట్టు. ఫికర్ లేకుంట పండుకుంట.”

నా చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. బాబాయి పోయిన తెల్లవారుజామున పడవ దించే ముందు, వెళ్ళొచ్చా అని తమ్ముడు అడిగితే, బాబాయి ఇదే మాట అన్నాడట. ఫోను రాలేదు కాబట్టి సముద్రం బాగున్నట్టేరా, పద, అన్నాడట. మొండితనం కాదు. నమ్మకం. అలలొస్తే ఫోను వస్తుందని నంబర్లు రాసుకెళ్ళినవాళ్ళు చెప్పిన మాట నమ్మి, పేట పేటంతా అది రాకపోవడాన్ని కూడా నమ్మింది. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజు కూడా ఫోన్ చేసి, ఈ రోజు బాగుంది అని చెప్పాలని, ఫోను రాకపోతే ఏదో చెడిందని పేటకు తెలియాలని ఆ క్షణంలోనే తోచింది. నివేదిక చివర రాసిన మాట అదే. సురంగల్ అవ్వ చెప్పిందని మాత్రం అందులో రాయలేదు.

నర్సింహకు ఇచ్చిన మాట నేను నిలబెట్టుకోలేకపోయాను. “ఫోన్ రాలేదంటే బాగున్నట్టు కాదవ్వా” అన్నాను. మొదలుపెట్టాక మొత్తం చెప్పాను. ఎవరి మీదా కోపం లేకుండా చెప్పడానికి ప్రయత్నించాను.

అవ్వ చేతులకంటిన పూరేకులు దులుపుకుంది. “ఆయన పేరేంది?” అంది.

“అప్పలస్వామి.”

“పెండ్లాం ఉన్నదా?”

“ఉంది. మా పిన్ని. ఫోను వచ్చినా వినకుండా వెళ్ళాడని కాగితంలో చదివారని ఆమెకు దిగులు.”

“ఫోన్ కలుపు.”

“వద్దు అమ్మమ్మా” అన్నాడు నర్సింహ. అవ్వ అతని వైపు తిరగనైనా లేదు. నేను నా ఫోనులో పిన్ని నంబరు కొట్టి, అందరికీ వినపడేలా పెట్టి, అవ్వ చేతికిచ్చాను. ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

“ఎవులమ్మా?” అంది పిన్ని అటునుంచి.

“నేను సురంగల్ సాయమ్మను బిడ్డా. నువ్వెరుగవు నన్ను. నీ పెనిమిటికి రావల్సిన ఫోన్ నేనెత్తిన. నాకు ఎరుక లేకుంట ఎత్తిన. ఆయన మొండికి పోలే బిడ్డా. ఆయనకు ఫోనే రాలే. నాకొచ్చింది.”

పిన్ని ఫోను పెట్టేసిందేమోనని నేను వంగి చూశాను. పెట్టలేదు.

“ఆ ఫోన్లో ఏటన్నారమ్మా?”

అవ్వ సర్దుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుంది. ఎన్నిసార్లు విన్నదో, తనది కాని ఆ పుస్తకాల భాషలోనే, ఒక్క అక్షరం పోకుండా చెప్పింది.

“మత్స్యకార సోదరులకు మనవి. రేపు వేకువ నుంచి సముద్రంలో అలలు ఎత్తుగా లేస్తాయి. గాలి లేకపోయినా, ఆకాశం నిర్మలంగా ఉన్నా నమ్మవద్దు. పడవలు నీటిలోకి దించవద్దు. ఒడ్డున ఉన్న పడవలను పైకి లాగి కట్టుకోండి. మీ ఇంటివారు మీ కోసం చూస్తుంటారు. ఈ మాట విన్నట్లయితే ఒకటి నొక్కండి.”

“ఇన్నానమ్మా” అంది పిన్ని.